డ్రేగర్‌మన్: వీపు మీది పెట్టె మనిషికి పేరైన వైనం

కెనడా తూర్పు కొసన అట్లాంటిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన నోవా స్కోషియా రాష్ట్రంలో బొగ్గుగని పేలినప్పుడు, అందరూ పైకి పరుగెత్తే వేళ కిందికి దిగే మనుషులకు ఒక పేరుంది. వాళ్లను ‘డ్రేగర్‌మెన్’ అంటారు, ఒక్కడైతే ‘డ్రేగర్‌మన్’. ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లకు కూడా ఈ మాట మొదటిసారి చెవిన పడగానే ‘డ్రాగ్’ అనే క్రియ గుర్తుకు రావచ్చు. కూలిన బొగ్గు కింద చిక్కినవాళ్లను ఈడ్చి బయటికి తెచ్చేవాళ్లు గనుక ఆ ఊహ అర్థానికి చక్కగా అతుకుతుంది కూడా. పదాల పుట్టుకను వెతికేటప్పుడు ఇంత చక్కగా అతికే ఊహలనే ముందుగా అనుమానించాలి. డ్రేగర్‌కూ ఈడ్చడానికీ ఏ సంబంధమూ లేదు. అది ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ నగరానికి చెందిన ఒక కుటుంబం ఇంటిపేరు. ఆ ఇంటిపేరు ముందు ఒక కంపెనీకి, కంపెనీ నుంచి ఒక యంత్రానికి, యంత్రం నుంచి దాన్ని వీపున మోసే మనిషికి చేరింది. మొదటి రెండు అంచెలు ఎక్కడైనా జరిగేవే. మూడోది మాత్రం అన్నిచోట్లా జరగలేదు. అందుకే ఈ పదం కథ కొంత వివరంగా చెప్పుకోదగ్గది.

జొహాన్ హైన్‌రిక్ డ్రేగర్ 1889లో ల్యూబెక్‌లో ఒక భాగస్వామితో కలిసి పెట్టిన కంపెనీకి మొదట్లో గనులతో పనేమీ లేదు. దాని తొలినాటి సరుకు బీరు అమ్మే చోట్ల వాడే ఒక వాల్వు. పీపాలోని బీరును పైకి నెట్టడానికి కార్బన్ డయాక్సైడ్ కావాలి. సిలిండర్‌లో అది విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది. ఆ ఒత్తిడిని తగ్గించి నిలకడగా వదిలే సాధనం లేకపోతే గ్లాసు నిండా నురగే మిగులుతుంది. డ్రేగర్ తయారుచేసిన ‘లుబెకా’ వాల్వు చేసే పని అదే. ఒత్తిడిలో ఉన్న వాయువును అదుపులో పెట్టి కొద్దికొద్దిగా వదలడం చేతనైనవాళ్లకు వాయువు ఏదైతేనేం? కొడుకు అలెగ్జాండర్ బెర్న్‌హార్డ్ డ్రేగర్ (1870-1928) చేతిలో ఆ నేర్పే ఆక్సిజన్ వైపు మళ్లింది. 1902లో ఓటో రోత్ అనే వైద్యుడి సహకారంతో శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇచ్చే యంత్రం వచ్చింది. 1904 నుంచి గనుల్లో దిగేవాళ్లకు పనికొచ్చే శ్వాస పరికరాలు రావడం మొదలైంది.

గనిలో ఇలాంటి పరికరం ఎందుకు అంత అవసరమైందో తెలిస్తేనే, మనిషికి దాని పేరు ఎందుకు అంటుకుందో అర్థమవుతుంది. బొగ్గుగని పేలుడు అనగానే మనకు మంటలు, ఎగిరిపడే రాళ్లు కళ్ల ముందు మెదులుతాయి. 1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగాక, చనిపోయినవాళ్ల శరీరాలను పరీక్షించిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ వేరే నిర్ధారణకు వచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది పేలుడు దెబ్బకు పోలేదు. పేలుడు తరువాత సొరంగాల్లో పరుచుకున్న కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. గనుల్లోకి కానరీ పిట్టలను పంజరాల్లో తీసుకుపోవాలన్న సలహా హాల్డేన్‌దే. పిట్ట తూలితే వెనక్కి తిరగాలి. మరి వెనక్కి తిరగకూడని పని మీద వెళ్లినవాడి సంగతి? పేలుడు నుంచి బతికి బయటపడి, ఎక్కడో ఒక మూల ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న తోటి కార్మికుడి కోసం ఆ గాలిలోనే నడిచి పోవాల్సినవాడిని పిట్ట కాపాడదు. బయటి గాలితో పని లేకుండా తన ఊపిరిని తానే మోసుకుపోయే ఏర్పాటు అతనికి కావాలి.

ఆ ఏర్పాటులోని కిటుకు వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా మిగిలే ఉంటుంది. అంటే ప్రతి ఊపిరిలోనూ అందిన ఆక్సిజన్‌లో నాలుగో వంతు మాత్రమే ఖర్చవుతోంది. వదిలిన గాలిని బయటికి పోనీయకుండా గొట్టం గుండా ఒక డబ్బాలోకి పంపి, అందులోని క్షారంతో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్పించి, ఖర్చయిన మేరకు చిన్న సిలిండర్ నుంచి ఆక్సిజన్ కలిపి, మళ్లీ అదే గాలిని పీల్చుకోవచ్చు. వదిలిన గాలి వదిలినట్టే పోయే మామూలు గాలి సిలిండర్‌తో గంట గడవడం కష్టమైన చోట, ఈ పద్ధతితో నాలుగు గంటల దాకా లాగవచ్చు. ఇబ్బందులూ ఉన్నాయి. క్షారం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడి గాలి నోట్లోకే వస్తుంది. అందుకే ఈ కాలపు పరికరాల్లో గాలిని చల్లబరచడానికి మంచుగడ్డ పెట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. నోట్లో గొట్టం, ముక్కుకు క్లిప్పు పెట్టుకున్నవాడు మాట్లాడలేడు. కాబట్టి ఐదారుగురు జట్టుగా, ఒకరికొకరు కనబడే దూరంలో, హారన్ మోతలతోనూ చేతి సైగలతోనూ చెప్పుకుంటూ నడవాలి. జట్టులో ఒకరి పరికరం మొరాయిస్తే, ఎంత దూరం వచ్చి ఉన్నా, అందరూ వెనక్కి రావాల్సిందే. ఊపిరి కూడా లెక్క పెట్టుకునే ఈ క్రమశిక్షణ మామూలు గని పనికి పూర్తిగా భిన్నమైనది. దానికి ప్రత్యేక శిక్షణ కావాలి. శిక్షణ పొందినవాళ్లు తోటి కార్మికుల్లో వేరుగా కనబడతారు. వేరుగా కనబడేవాళ్లకే పేరు కావలసి వస్తుంది.

ఈ పరికరాలు డ్రేగర్‌తో మొదలుకాలేదు. ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ 1870ల చివరలోనే ఇదే సూత్రం మీద పనిచేసే పరికరం చేశాడు. కానీ గని యాజమాన్యాలను కదిలించింది 1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్సులోని కూరియేర్‌లో జరిగిన బొగ్గుధూళి పేలుడు. అందులో 1,099 మంది చనిపోయారు. ఐరోపా గనుల చరిత్రలో అంతటి ప్రమాదం మరొకటి లేదు. ఫ్రాన్సుకూ జర్మనీకీ మధ్య 1870-71లో జరిగిన యుద్ధపు చేదు ఇంకా మాయని రోజుల్లో, జర్మనీలోని వెస్ట్‌ఫేలియా గనుల నుంచి రక్షక జట్లు శ్వాస పరికరాలతో సరిహద్దు దాటి వచ్చి ఫ్రెంచి గనిలో దిగాయి. ఇరవై రోజుల తరువాత 13 మంది తమంతట తాము నడుచుకుంటూ చీకట్లోంచి బయటపడటం ఆ ప్రమాదంలో మరిచిపోలేని ఘట్టం. అప్పటికే వెతుకులాట దాదాపు ఆపేసిన అధికారుల మీద ఫ్రాన్సు అంతటా ఆగ్రహం పెల్లుబికింది. ఆ తరువాతి సంవత్సరాల్లో రక్షక కేంద్రాలు, శిక్షణ పొందిన జట్లు, పరికరాల కొనుగోళ్లు దేశదేశాల్లో ఊపందుకున్నాయి. డ్రేగర్ పెట్టెలు అట్లాంటిక్ దాటి నోవా స్కోషియా బొగ్గు పట్టణాలకు చేరిన కాలం కూడా అదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. డ్రేగర్‌మన్‌లోని డ్రేగర్ ఎవరు, లేక ఏది? అమెరికన్ నిఘంటువు మెరియం-వెబ్‌స్టర్ ఈ పదం మూలంగా అలెగ్జాండర్ బెర్న్‌హార్డ్ డ్రేగర్ పేరు చెబుతుంది. వ్యుత్పత్తిగా అది తప్పు కాదు. కానీ పదాన్ని వాడుకలోకి తెచ్చిన కార్మికుల వైపు నుంచి చూస్తే అది సరిపోదని నా అభిప్రాయం. నోవా స్కోషియా గని పట్టణాలైన స్టెల్లార్టన్‌లోనో స్ప్రింగ్‌హిల్‌లోనో బొగ్గు కొట్టే మనిషికి ల్యూబెక్‌లోని ఇంజనీరు ఎవరో తెలియాల్సిన అవసరం లేదు. అతను చూసింది పెట్టె మీది పేరును. ‘డ్రేగర్‌’ అతనికి ముందుగా ఒక వస్తువు. ‘డ్రేగర్ తగిలించుకునేవాడు’ అనే అర్థంలోనే డ్రేగర్‌మన్ పుట్టి ఉండాలి గాని, ‘డ్రేగర్ గారి మనిషి’ అని కాదు. రాతలోని మార్పులు కూడా ఈ మాటే చెబుతాయి. జర్మన్‌లో ఆ పేరులోని అచ్చు మీద రెండు చుక్కలు ఉంటాయి. ఇంగ్లిషులో చుక్కలు పోయి వాటి చోట ఒక అదనపు అక్షరం వచ్చింది. తరువాత వాక్యం మధ్యలో వచ్చినప్పుడు మొదటి పెద్దక్షరం కూడా పోయి మామూలు నామవాచకంలా రాయడం అలవాటైంది. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు గనుక ఈ మార్పు మనకు తట్టదు. ఇంగ్లిషులో మాత్రం ఒక పేరు తన యజమానిని వదిలేసిందనడానికి అదే గుర్తు.

చివరనున్న ‘మన్’ గనుల భాషకు సహజమైనది. బ్రిటిష్ గనుల్లో వాయువును తనిఖీ చేసే ఉద్యోగిని ఫైర్‌మన్ అనేవాళ్లు. నిప్పులు ఆర్పేవాడని దానికి అర్థం కాదు. ఆ కుదురు నుంచే ఓవర్‌మన్ (పని పర్యవేక్షించేవాడు), బ్యాంక్స్‌మన్ (గని నోటి దగ్గర పనిచేసేవాడు) వంటి మాటలు సింగరేణికీ వచ్చి, గనిని ‘బాయి’ అని పిలుచుకునే తెలంగాణ కార్మికుల నోట్లో సర్దార్, బదిలీ ఫిల్లర్ వంటి మాటల పక్కనే కుదురుకున్నాయి. అయితే ఇవన్నీ చేసే పనిని బట్టి, ఉండే చోటును బట్టి వచ్చిన పేర్లు. సింగరేణిలోనూ రక్షణకు దిగేవాళ్లను రెస్క్యూ టీమ్ అనో రెస్క్యూ బ్రిగేడియర్లనో అంటారు; ఆ మాట కూడా పనినే చెబుతుంది. మైనింగ్ చదువుకున్న మనవాళ్లకు బ్రిటిష్ ‘ప్రోటో’, డ్రేగర్ వారి ‘బీజీ-174’ పరికరాలు పాఠ్యపుస్తకాల్లో పరిచయమే. అయినా ఆ పేర్లు పరీక్ష కాగితం దాటి మనుషులకు అంటుకోలేదు.

అంటుకున్న మరో చోటు దక్షిణాఫ్రికా. అక్కడి బంగారు గనుల్లో రక్షక జట్టును ఇప్పటికీ ‘ప్రోటో టీమ్’ అంటారు. ప్రోటో అనేది లండన్‌లోని సీబ్ గోర్మన్ కంపెనీ, ఫ్లూస్ పాత నమూనాను మెరుగుపరిచి, అమ్మిన పరికరం పేరు. కెనడాలో డ్రేగర్‌కు జరిగిందే అక్కడ ప్రోటోకు జరిగింది. విచిత్రం ఏమిటంటే, డ్రేగర్ పుట్టిన జర్మనీలో అలా జరగలేదు. అక్కడ గని రక్షక దళాన్ని ‘గ్రూబెన్‌వేర్’ అంటారు. ‘గ్రూబె’ అంటే గని, ‘వేర్’ అంటే రక్షణ. అగ్నిమాపక దళానికి వాళ్లు వాడే ‘ఫోయర్‌వేర్’ అచ్చులోనే పోసిన మాట. సొంత మాట తయారుచేసుకోవడానికి దారి సిద్ధంగా ఉన్నచోట, పైగా పలు కంపెనీల పరికరాలు పోటీ పడే చోట, ఏ ఒక్క కంపెనీ పేరో మనిషికి అంటుకునే అవసరం రాదు. వస్తువు బయటి నుంచి ఒకే పేరుతో దిగి, దాన్ని వాడే మనిషి పని అప్పటికి కొత్తదై, ఆ పనికి పేరు లేకపోతే మాత్రం వస్తువు పేరే ఆ ఖాళీని నింపుతుంది. ఇది మనకూ తెలిసిన సంగతే. మట్టి తవ్వే యంత్రాన్ని ప్రొక్లెయిన్ అంటాం. అది ఒక ఫ్రెంచి కంపెనీ పేరని ఎంతమందికి గుర్తుంటుంది? జేసీబీ అనేవి జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లిషువాడి పేరులోని పొడి అక్షరాలు. పునాది తవ్వించే మేస్త్రీ ‘రేపు పొద్దున జేసీబీ అతన్ని రమ్మన్నాను’ అన్నప్పుడు, ఆ వాక్యంలో డ్రేగర్‌మన్ పుట్టుక మొత్తం ఉంది.

ఆ పేరు ఎంత గట్టిగా పాతుకుందో యుద్ధకాలం చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీది కోపంతో కెనడాలో పేర్లు మార్చారు; ఆంటారియో రాష్ట్రంలోని బెర్లిన్ అనే ఊరు 1916లో కిచెనర్ అయింది. రెండు యుద్ధాలు గడిచాయి, రెండింటిలోనూ కెనడా సైనికులు జర్మనీతోనే పోరాడారు. అయినా బొగ్గు పట్టణాల్లో తమ బిడ్డలను వెతకడానికి దిగే మనుషుల పేరు జర్మన్‌ది అన్న పట్టింపు వచ్చిన జాడ కనబడదు. బహుశా అప్పటికి అది జర్మన్ మాట అన్న స్పృహే లేదు.

ఈ పదం నోవా స్కోషియా దాటి లోకానికి తెలిసింది 1936 ఏప్రిల్‌లో. మూస్ రివర్ అనే చోట ఒక పాత బంగారు గనిని చూడటానికి దిగిన ముగ్గురు, పైకప్పు కూలి, 141 అడుగుల లోతున చిక్కుకున్నారు. ఇద్దరు గనిలో వాటాదారులైన టొరంటో పెద్దమనుషులు, ఒకరు టైంకీపర్. పైనుంచి డ్రిల్లుతో వేసిన సన్నటి రంధ్రం ఆరో రోజుకు వాళ్లను చేరితే, దానిగుండా ఆహారం, ఆ వెనక చిన్న మైక్రోఫోన్ దించారు. ఒకరు లోపలే చనిపోగా, మిగతా ఇద్దరిని పదకొండో రోజున పైకి తెచ్చారు. కెనడా రేడియో వ్యాఖ్యాత జె. ఫ్రాంక్ విల్లిస్ అర్ధగంటకోసారి అక్కడి నుంచే సంగతులు చెబుతుంటే, అమెరికాలోనే 600కు పైగా స్టేషన్లు ఆ గొంతును ప్రసారం చేశాయి. అదే రాష్ట్రంలోని పిక్టూ కౌంటీ బొగ్గుగనుల నుంచి వచ్చిన డ్రేగర్‌మెన్ పేరు అలా ఇళ్లలోకి చేరింది. మరుసటి ఏడే ఆ పదాన్ని పేరులో పెట్టుకుని హాలీవుడ్‌లో ఒక సినిమా వచ్చింది.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించాలి. అది బొగ్గుగని కాదు, బంగారు గని. బొగ్గు పొరల్లోంచి వెలువడి అంటుకునే మీథేన్ వాయువు పేలుడు ఇక్కడ జరగలేదు. అక్కడ అసలు అడ్డంకి విషవాయువు కాదు. పగిలి కదులుతున్న రాయి, పాత సొరంగాల్లోని నీరు. డ్రేగర్‌మెన్ చేసింది చేతులతోనూ పారలతోనూ రాళ్లు తీసి, దుంగలు నిలబెడుతూ, అంగుళం అంగుళం ముందుకు పాకడం. అంటే ఏ యంత్రం వల్ల వాళ్లకు ఆ పేరు వచ్చిందో, ఆ యంత్రం ప్రధానం కాని చోటే ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. రేడియో విన్నవాళ్లకు డ్రేగర్‌మన్ అంటే ముసుగు వేసుకున్నవాడు కాదు, రాళ్ల కింద ఉన్నవాడి కోసం వచ్చేవాడు. పదం అర్థం పరికరం నుంచి పనికి జరిగిపోయిన క్షణం ఇదేనని నేను అనుకుంటాను.

నోవా స్కోషియా గనుల్లో మాత్రం ఆ తేడా చెరిగిపోలేదు. 1956 నవంబరు 1న స్ప్రింగ్‌హిల్‌లో 4వ నంబరు గని పేలి 39 మంది చనిపోయారు. వాయువు నిండిన ఆ గని నుంచి 88 మందిని బయటికి తీసుకురాగలిగారు. రెండేళ్లు తిరగకుండానే, 1958 అక్టోబరు 23 రాత్రి, అదే ఊళ్లోని 2వ నంబరు గనిలో మరో రకం ప్రమాదం వచ్చింది. అక్కడివాళ్లు దాన్ని ‘బంప్’ అంటారు. వేల అడుగుల లోతున బొగ్గు తీసేసిన చోట పైరాయి బరువుకు నేల ఒక్కసారిగా ఉబికి, సొరంగం ఎత్తు చిటికెలో మూసుకుపోతుంది. లోపల ఉన్న 174 మందిలో 75 మంది పోయారు. నేల పగుళ్ల నుంచి వాయువు బయటపడటంతో ముందుగా డ్రేగర్‌మెన్ దిగారు. గాలి కొంత తేరుకున్నాక వాళ్ల పక్కన మామూలు గని కార్మికులు, ఏ పరికరమూ లేకుండా, ఇరుకు దారుల్లో పడుకుని బొగ్గును చేతుల మీదుగా వెనక్కి అందిస్తూ తవ్వారు. ఈసారి టెలివిజన్ కెమెరాలు గని ముఖద్వారం దగ్గర కాపు వేశాయి. ఆరు రోజులు దాటాక విరిగిన గాలిగొట్టం ఒకటి తగిలింది. దాని అవతలి కొస నుంచి మనుషుల గొంతులు వినిపించాయి. అక్కడ 12 మంది బతికి ఉన్నారు. నవంబరు 1న మరో ఏడుగురు దొరికారు.

పరికరం లేకుండా తవ్విన ఆ కార్మికులకూ ఒక పేరు వచ్చింది: ‘బేర్‌ఫేస్డ్ మైనర్స్’. ముఖానికి ఏమీ తొడుక్కోనివాళ్లు అని అర్థం. నాకు డ్రేగర్‌మన్ కన్నా ఈ మాటే ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. మామూలుగా గనిలో అందరూ ముఖం బయటపెట్టుకునే పనిచేస్తారు. దానికి పేరు అక్కర్లేదు. పక్కన డ్రేగర్ తగిలించుకున్న మనిషి నిలబడ్డాకే, లేనివాడి ముఖం ఒట్టిదిగా కనబడింది. రేడియో శ్రోతల దృష్టిలో పరికరం మాసిపోయి ఉండవచ్చు గాని, స్ప్రింగ్‌హిల్ గని నోటి దగ్గర నిలబడినవాళ్లకు, ఎవడి ఊపిరి ఎవడు వెంట తెచ్చుకున్నాడన్నదే మనుషులను వేరుచేసే గీత.

1992 మే 9 తెల్లవారుజామున పిక్టూ కౌంటీలోని వెస్ట్రే గనిలో మీథేన్ అంటుకుని, దాన్ని అనుసరించి బొగ్గుధూళి పేలినప్పుడు, లోపల ఉన్న 26 మందీ చనిపోయారు. వాళ్లు తవ్వుతున్నది ఫోర్డ్ అనే బొగ్గు పొర. మందమైనదీ, వాయువుకు పేరుమోసినదీ. చుట్టుపక్కల గని పట్టణాల నుంచి డ్రేగర్‌మెన్ వచ్చి, కూలుతున్న పైకప్పు కింద, విషవాయువులో, జట్లు జట్లుగా వంతులు మార్చుకుంటూ 15 మృతదేహాలను పైకి తెచ్చారు. ఆ తరువాత లోపలికి పోవడం మరీ ప్రమాదమని వెతుకులాట ఆపేశారు. మిగిలిన 11 మంది ఇప్పటికీ ఆ పొరలోనే ఉన్నారు.